ముద్దు గేటు సుంకం

నలభై ఏళ్లు దాటిన కాపురంలో మా ఆయన నాకు థాంక్యూ చెప్పడం మొదలుపెట్టింది మొన్న ఫిబ్రవరిలోనే. టీ కప్పు చేతికిచ్చాను. "థాంక్యూ అండీ, మీకు శ్రమ ఇచ్చాను" అన్నాడు. అంతకుముందైతే పేపర్లోంచి తల ఎత్తకుండా "ఊఁ" అనేవాడు. చక్కెర తగ్గితే "ముసలీ, చక్కెర కొట్టు మూసేశారా?" అనేవాడు. ఆ రోజు నేను నా కప్పు పట్టుకుని పొయ్యి దగ్గరే నిలబడిపోయాను. నా టీ చల్లారిపోయింది.

మొగుడు మర్యాదగా మాట్లాడితే సంతోషించక ఏడుపెందుకంటారేమో. మా డెర్బీ ఊళ్లో, మా వీధిలో ఎవర్నైనా అడగండి. మాలో మొగుడూ పెళ్లాం అరుచుకుంటున్నారంటే ఇల్లు బాగున్నట్టు లెక్క. "మీరు ముందు", "అబ్బే, పర్వాలేదండి" లాంటి మాటలు వంటింట్లోకి వచ్చాయంటే ఎవరో ఒకరు పెట్టె సర్దుకుంటున్నట్టు. మా ఎదురింటి రూత్ మొగుడు ఆమెని వదిలేసి వెళ్లే ముందు ఆరు నెలలు ఆమెకి దగ్గరుండి కోటు తొడిగాడు.

అందుకని నేనూ ఊరుకోలేదు. ఆయన రెండు మర్యాదలు చేస్తే నేను నాలుగు చేశాను. "కొంచెం బంగాళాదుంపలు వేసుకుంటారా?" అని అడిగాను. ఒళ్లు మండి, వెటకారంగానే అడిగాను. "మీకు సరిపోతాయంటేనే వేయండి" అన్నాడు మా ఆయన, నవ్వు మొహంతో. ఆ రాత్రి ఆయన కంచంలో చారెడు ఎక్కువే పడేశాను. దానికీ థాంక్యూ చెప్పాడు.

నా పేరు హేజెల్. మా ఆయన డెస్మండ్, జీవితమంతా సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. మేం ఒకరికొకరం పరిచయమైంది ఆదివారం నడకల్లో. పొలాల వెంట, గుట్టల మీద, వానొచ్చినా ఎండొచ్చినా నడిచే సంఘం ఒకటుండేది. మొదటి ముద్దు కూడా అక్కడే, ముద్దు గేటు దగ్గర.

పొలాల్లో నడిచేవాళ్లకి ఆ గేటు తెలియకుండా ఉండదు. అర్ధచంద్రంలా వంగిన కంచె, దాని మధ్య అటూ ఇటూ ఊగే చిన్న గేటు. ఒకసారికి ఒక మనిషే దూరగలడు, గొర్రె దూరలేదు. ముందు దాటినవాడు గేటు మూసి పట్టుకుని నిలబడతాడు. వెనకనున్న మనిషి ముద్దు పెడితేనే వదులుతాడు. అదంతా కుర్రతనంలో వేషం, పెళ్లయిన ఏడాదికి అందరూ మానేస్తారు. డెస్మండ్ మానలేదు.

"సుంకం కట్టందే దారి లేదు, ముసలీ" అనేవాడు. నాకు ఇరవై రెండేళ్లున్నప్పుడు కూడా ముసలీ అనే అన్నాడు. సంఘం వాళ్లందరూ వెనక వరసగా నిలబడి దగ్గుతున్నా వదిలేవాడు కాదు.

"సిగ్గు లేదూ, జనం చూస్తున్నారు" అని తిట్టేదాన్ని.

"జనానికి వానలో తడవడం ఇష్టం లేదు, త్వరగా కట్టు" అనేవాడు.

తిడుతూనే కట్టేదాన్ని. ఒకసారి నాకు నడుం పట్టేస్తే తనే గేటు మీదుగా వంగి, కళ్లజోడు బురదలో పడేసుకుని, దాన్ని తనే తొక్కాడు. ఆ కళ్లజోడు గురించి నేను పదేళ్లు దెప్పాను.

ఈ వసంతంలో మొదటిసారి నడకకి వెళ్లినప్పుడు, గేటు దగ్గర అలవాటుగా ఆగాను. డెస్మండ్ గేటు బాగా వెనక్కి లాగి పట్టుకున్నాడు. "రండి, జాగ్రత్త, బురదగా ఉంది" అన్నాడు. ఏదో బ్యాంకు తలుపు దాటినట్టు దాటాను. తర్వాతి గేటు దగ్గరా అంతే. ఆ తర్వాతి దాని దగ్గర నేను ఆగనే లేదు.

చర్చి పాటల బృందంలో పాలీన్ అని ఒకావిడ ఉంది. మొగుడు పోయాడు, జుట్టుకి రంగేస్తుంది, నిమ్మకాయ కేకు చేసి ఇంటింటికీ పంచుతుంది. మా ఇంటికి మాత్రం రెండుసార్లు తెచ్చింది. రెండోసారి డెస్మండ్ ఆవిడని వీధి చివరిదాకా సాగనంపాడు. ఇంకేం కావాలి నాకు? బుర్రలో పురుగు తొలవడం మొదలుపెట్టింది.

మొహం మొహం చూసుకుని ఇలాంటివి అడగడం మాకు చేతకాదు. పక్కపక్కన నడుస్తూ, కళ్లు సముద్రం మీద పెట్టుకుని అయితే ఏదైనా అడగొచ్చు. అందుకే యార్క్‌షైర్ తీరం వెంబడి సాల్ట్‌బర్న్ నుంచి ఫైలీ దాకా నడక సెలవు బుక్ చేశాను. గైడు ఉండడు. ఒక కంపెనీ వాళ్లు ఊరూరా బస మాట్లాడి పెడతారు, పెట్టెలు వ్యానులో ముందుకు పంపిస్తారు, దారి రాసిన చిన్న పుస్తకం చేతికిస్తారు. నడవడమూ, దారి తప్పడమూ మన బాధ్యత. ఫైలీ చేరేలోపు అడిగెయ్యాలని ఒట్టు పెట్టుకున్నాను: "డెస్, నన్ను వదిలేస్తున్నావా?"

సాల్ట్‌బర్న్‌లో రైలు దిగగానే దారి పుస్తకం ఆయన చేతికిచ్చాను. పటం ఇంకొకరి చేతిలో ఉంటే నిద్ర పట్టని మనిషి. పెళ్లయ్యాక వెళ్లిన మొదటి ప్రయాణంలో కూడా పటం నన్ను ముట్టుకోనివ్వలేదు. అలాంటివాడు పుస్తకం రెండు పేజీలు తిప్పి నా చేతిలో పెట్టేశాడు.

"మీరే చదవండి. మీకు ఈ వైపు బాగా తెలిసినట్టుంది."

"సరేనండి, అలాగే" అన్నాను పళ్లు బిగించి. నేనూ డెర్బీ ఆడదాన్నే. మర్యాదలో నన్నెవరూ ఓడించలేరు.

ఆ రోజంతా కొండ అంచుల మీద పెళ్లికొచ్చిన చుట్టాల్లా నడిచాం. మామూలుగా ఎత్తు ఎక్కేటప్పుడు నేను నోరు మూసుకోను. కొండని, గాలిని, నా మోకాలిని, డెస్మండ్‌ని, డెస్మండ్ వాళ్లమ్మని అడుగుకొకరిని చొప్పున తిడుతూ ఎక్కుతాను, లేకపోతే నాకు ఊపిరందదు. ఆ రోజు మాత్రం పెదవి విప్పలేదు. అలిగినవాళ్ల మీద అరిస్తే మనమే లోకువైపోతాం. డెస్మండ్ మధ్యమధ్యలో ఆగి వెనక్కి చూసేవాడు, ఎవరో రావలసినట్టు. నేను పక్కనే ఉన్నా వెనక్కి చూసేవాడు.

స్టేథ్స్‌లో మర్నాడు పొద్దున పొగబెట్టిన చేపలు పెట్టారు. డెస్మండ్ ముల్లు తీసుకుంటూ నా వైపు చూసి అడిగాడు.

"ఇవాళ మీరు చాలా దూరం నడుస్తారా?"

"మీరు ఎంత దూరం నడిస్తే అంత."

"ఓ, బాగుంది. తోడుంటే దారి సాగుతుంది."

పక్క బల్ల వాళ్లు మమ్మల్ని చూసి చిరునవ్వు నవ్వారు, ముసలితనంలో కొత్తగా కుదిరిన జంట అనుకుని కాబోలు. చేపని కంచంలోనే వదిలేసి లేచాను.

బయటికొచ్చి మైలు నడిచామో లేదో, సముద్రం మీంచి పొగమంచు లేచింది. ఆ తీరంలో అదొక శని. ఎండాకాలంలోనైనా సరే, చూస్తుండగానే ఊరూ పొలమూ మాయమైపోతాయి. సముద్రం ఎప్పుడూ ఎడమ చేతివైపు ఉండాలని పుస్తకంలో రాసుంది. సముద్రమే కనపడకపోతే ఎడమ చెయ్యి ఉండి ఏం లాభం? కంచె పట్టుకుని నడిచాం. ముద్దు గేటొకటి వచ్చింది. దాని గుంజకి ఎవరో పసిపిల్ల పారేసుకున్న ఎర్రటి చేతితొడుగు తగిలించి ఉంది, వెతుక్కుంటూ వస్తారని.

డెస్మండ్ గేటు లాగి పట్టుకున్నాడు. "రండి, జాగ్రత్త, బురదగా ఉంది. ఇటువైపు గొర్రెలు చాలానే ఉన్నట్టున్నాయి."

దాటాం. కంచె వదిలి, కాలిజాడలాంటిదేదో పట్టుకుని చాలాసేపు నడిచాం. ఇంకో గేటు వచ్చింది. దాని గుంజకీ ఎర్రటి చేతితొడుగు ఉంది. అదే గేటు. పొలం చుట్టూ గుండ్రంగా తిరిగొచ్చాం.

డెస్మండ్ గేటు లాగి పట్టుకున్నాడు. "రండి, జాగ్రత్త, బురదగా ఉంది" అన్నాడు. "ఇటువైపు గొర్రెలు చాలానే ఉన్నట్టున్నాయి."

అక్షరం పొల్లు పోలేదు, నవ్వు కూడా అదే నవ్వు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏంటి, నాతో ఆటలాడుతున్నావా?" అని అరిచాను. "ఇందాకా ఇదే గేటు, ఇదే గొర్రె, ఇదే కూత! నోట్లో రికార్డు పెట్టుకున్నావా?"

ఆయన మొహం పాలిపోయింది. "క్షమించండి. మీ మనసు నొప్పించానా? ఈ మంచులో నాకూ... నాకూ దారి తెలియట్లేదండి."

ఆ గొంతులో వణుకు విని నా కోపం ఎటు పోయిందో పోయింది. భయం వేసింది. ఎందుకు వేసిందో నాకు తెలియలేదు. పాలీన్ గురించైతే కోపం రావాలి గాని భయం దేనికి? ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆసుపత్రిలో నర్సుకి చెయ్యి ఇచ్చినట్టు ఇచ్చాడు.

నోరు ఒకసారి తెరిచాక ఇక మూతపడలేదు. రన్స్‌విక్ ఊళ్లోకి దిగే మెట్లు నాచుపట్టి జారుతున్నాయి. ఆ మెట్లు కట్టినవాణ్ణి తిట్టాను, మంచుని తిట్టాను, దారి పుస్తకం రాసినవాడు జన్మలో ఇల్లు కదిలి ఉండడని తిట్టాను. "నీ బూట్లకి లేసులు కట్టుకోవడం మీ అమ్మ నేర్పలేదా, పడి చస్తావు!" అని డెస్మండ్‌ని తిట్టాను. కింద టీ కొట్లో కూలబడి, నా సంచిలోంచి శాండ్‌విచ్‌లు తీసి బల్ల మీద పడేశాను.

"ముసలీ, ఆ జున్నుదాంట్లో సగం ఇలా పడెయ్" అన్నాడు డెస్మండ్.

నా చెయ్యి ఆగిపోయింది. నిక్షేపంగా నన్నే చూస్తున్నాడు. "ఏంటలా గుడ్లప్పగించి చూస్తావు? ఊరగాయ కూడా పెట్టావా, లేక నాకు మిగిల్చింది రొట్టె అంచులేనా?"

ఎన్నాళ్లయిందో ఆ గొంతు విని! కళ్లలో నీళ్లు తిరిగాయి. రొట్టెలో ఆవ ఘాటెక్కిందని సాకు చెప్పాను. ఈ మనిషి నన్ను వదిలేసేవాడేనా? ఛ, నాదే అనుమానం బుద్ధి అనుకున్నాను. పొద్దున్నించి అన్నేసి మాటలన్నందుకు సిగ్గేసి, ఇక మీదట మంచిగా ఉండాలని నిర్ణయించుకున్నాను. ఊరి బయట ఎత్తు ఎక్కేటప్పుడు పల్లెత్తు మాట అనలేదు. పైన గేటు దగ్గరికెళ్లి ఆగాను, ఆశగా.

"మీరు ముందు" అన్నాడు డెస్మండ్, గేటు లాగి పట్టుకుని.

టీ కొట్లో ఉన్నవాడెవడు, వీడెవడు?

విట్బీలో ఇంకో దెబ్బ తగిలింది. ఆ ఊళ్లో నల్లరాతి నగలమ్ముతారు, ఏటవాలు సందుల్లో అవే కొట్లు. నేను మందుల షాపులో మోకాలికి పట్టీ కొనుక్కుని వచ్చేసరికి డెస్మండ్ ఒక నగల కొట్లో ఉన్నాడు. అద్దంలోంచి చూశాను. నల్లరాతిలో చెక్కిన చిన్న పిచ్చుక, కోటుకి పెట్టుకునే పిన్ను. అమ్మకందారు పిల్ల దాన్ని డబ్బాలో పెట్టి రిబ్బను కడుతోంది. డెస్మండ్ ఆ పిల్లతో ఏదో చెబుతూ, ఎవరి పొడవో చేత్తో చూపిస్తూ నవ్వుతున్నాడు. నా పుట్టినరోజు అయిపోయింది, పెళ్లిరోజు దగ్గర్లో లేదు.

బయటికొచ్చాక అడిగాను. "ఏం కొన్నారు?"

ఆయన జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "అబ్బే, ఏం లేదండి. ఒకరికి ఇవ్వాలి."

"ఎవరికో?"

"మీకు తెలియదులెండి" అన్నాడు, చాలా మెత్తగా.

నేను గబగబా ముందుకి నడిచాను. ఇంకో మాట అడిగితే ఆ వీధిలోనే ఏడ్చేదాన్ని. పాలీన్ లావుపాటి మెడకింద, ఆవిడ ఆకుపచ్చ కోటు మీద ఆ పిచ్చుక వాలి ఉన్నట్టు నాకు దారి పొడుగునా కనబడింది.

రాబిన్ హుడ్స్ బేలో మేం దిగిన ఇంటావిడ పేరు మిసెస్ హార్లండ్. బొద్దుగా, ఎర్రటి చేతులతో, కనపడ్డ ప్రతివాళ్లనీ "బంగారం" అని పిలిచే మనిషి. ఆమె ఇంట్లో మర్నాడు పొద్దున నేను కళ్లు తెరిచేసరికి మంచంలో నా పక్క చోటు నలగకుండా ఉంది. డెస్మండ్ కిటికీ దగ్గర కుర్చీలో, కోటు వేసుకుని, బూట్లు తొడుక్కుని, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుని ఉన్నాడు.

"రాత్రంతా అక్కడేనా ఉన్నారు?"

"మీకు ఇబ్బంది కలగకూడదని" అన్నాడు. "మంచం ఒకటే ఉంది కదా. మీరు బాగా అలిసిపోయారు."

స్నానాల గదిలోకి వెళ్లి, పంపు పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. పక్క గదివాళ్ల ముందు పరువు పోకూడదు కదా.

కిందికి వెళ్తే మిసెస్ హార్లండ్ నన్ను వంటింటి గుమ్మం దగ్గరికి పిలిచింది. గుడ్లు వేగుతున్న పెనం వదిలేసి, చేతులు తుడుచుకుంటూ తటపటాయించింది.

"తప్పుగా అనుకోకు బంగారం. మీరిద్దరూ... మొగుడూ పెళ్లాలేగా?"

"ఆ ముక్క చెప్పే కాగితం ఇంట్లో ఉంది. ఎందుకు?"

"రాత్రి నువ్వు పైకి వెళ్లాక మీ ఆయన నన్నడిగాడు, ఆవిడకి విడిగా గది దొరుకుతుందా అని. డబ్బు తనే ఇస్తానన్నాడు. ఎంత మర్యాదస్తుడో! ఇల్లంతా నిండిపోయింది, లేదన్నాను. పోట్లాడుకున్నారా బంగారం?"

"పోట్లాడుకుంటే బాగుండేది" అన్నాను. నా మొహంలో ఏం చూసిందో, ఆమె నా కంచంలో ఇంకో గుడ్డు వేసింది.

మీకు ఈపాటికి సంగతి తెలిసిపోయి ఉంటే, మీరు నాకన్నా తెలివైనవాళ్లు. నాకు మాత్రం ఏమీ బోధపడలేదు. విడిగా గది అడిగిన మనిషి, మెట్ల మీద నా సంచి తనే మోశాడు. రేవెన్‌స్కార్ కొండ మీద గాలి ఎక్కువగా ఉంటే నాకు అడ్డంగా నడిచాడు. వేరే ఆడదానికి నగ కొన్నవాడు, స్కార్‌బరోలో నా మోకాలి పట్టీ ఊడిపోతే వీధిలో కింద కూర్చుని సరిచేశాడు. ద్వేషం ఉంటే ఈ దయ ఎందుకు? ప్రేమ ఉంటే ఈ దూరం ఎందుకు? ఎటు తిప్పి చూసినా లెక్క తేలలేదు. ఎన్ని గేట్లు వచ్చినా ఆయన ఒకే మాట అన్నాడు, నేను ఒకే జవాబు ఇచ్చాను, థాంక్యూ అని.

ఆఖరి రోజు వచ్చింది. స్కార్‌బరో నుంచి ఫైలీ. మంచు లేదు, మబ్బు లేదు, ఎండ నిండుగా కాస్తోంది. సముద్రం అడుగుదాకా కనపడేంత తేటగా ఉంది. ఇవాళ అడగకపోతే ఇక అడగలేను. మధ్యాహ్నం దాటాక ఒక ఎత్తు వచ్చింది. నా మోకాలు మొరాయించింది. డెస్మండ్ ముందు వెళ్లిపోయాడు. నేను పెదవి బిగబట్టి, మెల్లగా, లోపల లోపల ఆ మాటే వల్లె వేసుకుంటూ ఎక్కాను. డెస్, నన్ను వదిలేస్తున్నావా. డెస్, నన్ను వదిలేస్తున్నావా.

పైకి వచ్చి తల ఎత్తేసరికి ముద్దు గేటు. డెస్మండ్ అప్పటికే దాటి అవతల నిలబడి ఉన్నాడు. గేటు లాగి పట్టుకోలేదు. మూసి పట్టుకున్నాడు! రెండు చేతులతో, పాతరోజుల్లో పట్టుకున్నట్టే, కదలకుండా.

మోకాలి సంగతి మరిచిపోయాను. గబగబా వెళ్లి గేటు దగ్గర నిలబడి, సిగ్గు విడిచి మొహం పైకెత్తాను.

డెస్మండ్ కొంచెం వెనక్కి జరిగాడు. ఎండ నా మొహం మీద పడుతోంది. ఆయన నన్ను సూటిగా చూశాడు.

"క్షమించండి" అన్నాడు. "ఒక్క నిమిషం ఆగగలరా? మీకు తొందర ఉంటే అటు కంచె పక్కన కూడా దారి ఉంది. నా భార్య వెనకాల వస్తోంది. ఈ గేటు దగ్గర మాకొక అలవాటు ఉంది. తను రాకుండా నేను వదలకూడదు."

గేటు పై కడ్డీ పట్టుకున్నాను. ఇనుము వేడిగా ఉంది. ఫిబ్రవరి నుంచి జరిగిందంతా, టీ కప్పూ బంగాళాదుంపలూ ఎర్ర చేతితొడుగూ కుర్చీలో రాత్రీ, ఒక్కసారిగా నా మీద పడింది. కోపం కాదు. అలక కాదు. పాలీన్ కాదు. ఈ మనిషికి నేనెవరో తెలియడం లేదు. తెలియని ఆడమనిషితో పెద్దమనిషి ఎలా ఉంటాడో అలా ఉన్నాడు, అంతే. ఆ మర్యాద చాటున భయాన్నంతా దాచుకున్నాడు. నేనేమో మర్యాదకి మర్యాద వడ్డిస్తూ కూర్చున్నాను.

"మీ ఆవిడ... ఎలా ఉంటుంది?" అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన మొహం విప్పారింది. "పొట్టిగా ఉంటుంది. నోరు మాత్రం పెద్దది. ఎత్తు ఎక్కేటప్పుడు అడుగుకొక తిట్టు తిడుతుంది, నన్ను, మా అమ్మని, ఆ పైవాణ్ణి కూడా. చూడక్కర్లేదు, ఆ తిట్లు వినిపిస్తే చాలు, వచ్చేసిందని తెలిసిపోతుంది." కొంచెంసేపు దారి వైపు చూశాడు. "ఈ మధ్య వినపడటం లేదండి. ఎక్కడ వెనకబడిందో. చాలా దూరం నుంచి వెనక్కి చూసుకుంటూ వస్తున్నాను."

నేను ఏడవలేదు. ఏడిస్తే ఆయన రుమాలు తీసి ఇస్తాడు, మర్యాదగా.

"నేను కిందికి వెళ్లి చూసొస్తాను" అన్నాను. "దారిలో కనపడితే పంపిస్తాను."

"అయ్యో, మీకు శ్రమ."

"శ్రమేం లేదండి."

ఎక్కిందంతా మళ్లీ దిగాను. మలుపు తిరిగి, తుప్పల చాటున ఒక రాయి మీద కూర్చుని, కళ్లు తుడుచుకుని, ముక్కు చీదుకున్నాను. తర్వాత లేచి, ఫిబ్రవరి నుంచి మింగిందంతా బయటికి తీశాను.

"ఇదేం కొండరా నాయనా, దీని కడుపు కాలా!" అని మొదలుపెట్టాను. "ఓయ్ డెస్మండ్! ముందు పరిగెత్తి పోతావేం, కాళ్లకి చక్రాలున్నాయా? బస్సు తోలుతున్నాననుకున్నావా, ఆడదాన్ని స్టాపులో వదిలేసి పోవడానికి! మీ అమ్మ నిన్ను కన్నది కొండల మీద నన్ను చంపడానికా? సముద్రం చూద్దామని బయల్దేరాను చూడు, నన్ను అనాలి! నా మోకాలు! ఒరే దేవుడా, ఈ మోకాలు చేసినప్పుడు నీ ధ్యాస ఎక్కడుందిరా!" గొర్రెలు బెదిరి పక్కకి పరిగెత్తాయి. ఎదురుగా దిగి వస్తున్న ఒక జంట దారి వదిలి, "క్షమించండి" అంటూ కంచెకి అతుక్కుపోయారు. వాళ్లనీ వదల్లేదు. "దేనికి క్షమించాలి? మీరేం చేశారని?" అని అరిచాను.

మలుపు తిరిగేసరికి డెస్మండ్ గేటు మీదికి వంగి ఉన్నాడు. మొహమంతా నవ్వు.

"ఎంతసేపు, ముసలీ! చీకటి పడేలా చేశావు. సముద్రంలో దిగి ఈదుకుంటూ వచ్చావా?"

"నోరుముయ్. గేటు తియ్."

"సుంకం కట్టందే దారి లేదు."

"సిగ్గు లేదూ" అన్నాను. గేటు మీదుగా ఆయన మెడ పట్టుకుని కట్టాను, ఇన్నాళ్ల బాకీ అంతా కలిపి. ఆయన కళ్లజోడు వంకర పోయింది.

ఆయన నన్ను వదిలెయ్యడం లేదు. దారి పొడుగునా వెనక్కి తిరిగి చూసింది నా కోసమే. ఆ సంతోషమూ ఈ దుఃఖమూ కలిసి వస్తే మనిషి ఏం చెయ్యాలో నాకు ఎవరూ నేర్పలేదు. ఆయన కోటు ముందుభాగం గుప్పిట పట్టుకుని అలాగే నిలబడ్డాను. వదిలితే మళ్లీ ఎటు పోతాడో.

"ఉండు, గుర్తొచ్చింది" అని జేబులోంచి డబ్బా తీశాడు. రిబ్బను నలిగిపోయింది. "విట్బీలో కొన్నా. పిచ్చుక. నీలాగే ఉంది, ఇంతే ఉండి ఊరంతా అరుస్తుంది." లావైన వేళ్లతో తంటాలు పడి నా కోటుకి గుచ్చాడు, ఒకసారి నాకూ గుచ్చుకుంది. దానికి ఒక తిట్టు తిన్నాడు.

నేను గేటు దాటి అవతలికి వచ్చాను. ఫైలీ ఇళ్ల కప్పులు దూరంగా కనపడుతున్నాయి. చెయ్యి పట్టుకుని బయల్దేరబోతే డెస్మండ్ కదల్లేదు. గేటు వైపు వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు.

"కొంచెం ఆగు ముసలీ. వెనకాల ఒకావిడ రావాలి. ఒంటరిగా నడుస్తోంది పాపం, ఎవరూ లేనట్టుంది. ఈ వారమంతా నన్ను కనిపెట్టుకుని ఉంది. ఇందాకా నీ కోసం కిందిదాకా దిగి వెళ్లింది కూడా. చాలా మంచి మనిషి. ఆవిడకి గేటు తెరిచి పట్టుకుందాం."

"అలాగే" అన్నాను.

ఆయన ఒకవైపు, నేను ఒకవైపు గేటు పట్టుకుని, ఆవిడ వస్తుందేమోనని దారి వైపు చూస్తూ నిలబడ్డాం.